పట్టీ విప్పే సీను

మా అమ్మ టీవీ ముందు కూర్చుందంటే నాకు ఒళ్లు మండుతుంది. సీరియల్ చూస్తున్నందుకు కాదు. అందులో కనిపించేది ఆసుపత్రి అని నన్ను కూడా నమ్మమంటుంది, అందుకు.

నేను నంద్యాలలో ఒక ఆసుపత్రిలో స్టాఫ్ నర్సును. అన్ని వార్డులూ తిరిగి ఇప్పుడు కంటి వార్డులో ఉన్నాను. వారపు సెలవు వచ్చినప్పుడల్లా ఆళ్లగడ్డ బస్సెక్కి అమ్మానాయనల దగ్గరికి వెళ్తాను. కాళ్లు చాపుకుని ఒక పూట పడుకుందామని వెళ్తానా, సాయంత్రమయ్యేసరికి అమ్మ టీవీ పెడుతుంది. మళ్లీ ఆసుపత్రే. పనిచేసేచోట తప్పదు సరే, ఇంటికొచ్చినా తప్పదేమిటని నా బాధ.

ఆ సీరియల్లో ఆసుపత్రి నేల మీద మన ముఖం కనపడుతుంది. వరండాలో ఒక్క మనిషి ఉండడు. మా వరండాలో అయితే ఒక ఇంటివాళ్లు చాప పరిచి సద్ది మూట విప్పుతుంటారు, పక్కన ఇంకో ఇంటివాళ్లు తడి చీర కిటికీకి ఆరేస్తుంటారు, వాళ్ల మధ్యలోంచి కాలు ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ మేం ట్రే పట్టుకుని నడుస్తుంటాం. సీరియల్లో పెద్ద డాక్టరుకు ఒకే ఒక్క పేషెంటు. పొద్దున్నించి సాయంత్రం దాకా ఆ ఒక్కడి గురించే ఆలోచిస్తూ కిటికీలోంచి బయటికి చూస్తుంటాడు. మా డాక్టర్లకు కిటికీ ఏ గోడకు ఉందో కూడా తెలియదు. ఇక నర్సు సంగతి చెప్పకూడదు. హైహీల్స్ వేసుకుని టకటకమని వస్తుంది, సూదిని చొక్కా చేతి మీదనే గుచ్చుతుంది, సెలైన్ సీసా వేలాడుతుంటుంది గానీ దాని ట్యూబు ఎక్కడికీ పోదు. కోమాలో ఉన్న హీరోయిన్ పెదాలకు రంగు చెరగదు.

"అమ్మా, ఆ ట్యూబు చూడు. మంచం కోడుకు ఎక్కిస్తున్నారు సెలైన్" అంటాను నేను.

"నీ నోట్లో నువ్వుగింజ నానదు గదా. చూడనీమ్మే" అంటుంది అమ్మ. "మీ ఆసుపత్రిని ఉన్నది ఉన్నట్టు చూపిస్తే ఎవురు చూస్తారు? టీవీలోంచి ఫినాయిల్ వాసన వస్తాది."

ఒకసారి మాత్రం ఆమె అన్న మాట నాకు తగలాల్సిన చోటే తగిలింది. సీరియల్లో నర్సు ఒక ముసలాయన మంచం పక్కన కూర్చుని, ఆయన చేయి పట్టుకుని, చిన్ననాటి కథలు వింటోంది. అమ్మ కళ్లు తుడుచుకుంటూ అడిగింది. "మీరు కూర్చుంటారా అట్ల?"

నాకు కోపం వచ్చింది. కూర్చోవాలని మాకు మాత్రం ఉండదా? ఒకరి చేయి పట్టుకుంటే, సెలైన్ అయిపోయిందని ఇంకో పది చేతులు పైకి లేస్తాయి. ఆ పదిమందీ సీరియల్లో ఉండరు. అక్కడ నర్సుకు ఉన్నది అందం కాదు, తీరిక. ఆ తీరిక చూసి నేనూ లోపల్లోపల కుళ్లుకున్నాననే చెప్పాలి. లేచి వంటింట్లోకి పోయి టీ పెట్టుకున్నాను.

మా నాయనకు సీరియళ్లు పట్టవని ఇంటిల్లిపాదీ అనుకునేవాళ్లం. ఆయన శిల్పి. మా ఇంటి ముందే రోడ్డు వైపు రేకుల షెడ్డు, అందులో నల్లరాళ్లు, ఉలులు, ఈమధ్య కొన్న గ్రైండరు. అమ్మ టీవీ చూసే వేళకు ఆయన కిటికీ అవతల కూర్చుని రాతికి నునుపు పెడుతుంటాడు. చూసేది అమ్మ ఒక్కతే అయినా, వినేది మాత్రం ఇద్దరూ. ఈ సంగతి ఆయన కంటికి శుక్లం ముదిరేదాకా నాకు తెలియలేదు.

మిడుతూరు దగ్గర ఒక పల్లెవాళ్లు గుడి కట్టుకుంటూ అమ్మవారి విగ్రహం చేయమని చెప్పారు. నాయన చేతిలో ఆ విగ్రహం దాదాపు పూర్తయింది. నగలు, చీర కుచ్చిళ్లు, చివరికి ముక్కు కూడా వేళ్లతో తడుముకుంటూ తీర్చేశాడు. మిగిలింది కళ్లు. శిల్పుల పనిలో కళ్లు చిట్టచివరికి తెరుస్తారు. అంతవరకూ విగ్రహం ముఖానికి గుడ్డ కప్పి ఉంచుతారు. కళ్లు తెరిచే రోజు శిల్పి ఉపవాసముండి, తలస్నానం చేసి, విగ్రహానికి ఎదురుగా కాకుండా పక్కన నిలబడి కంటిగీత గీస్తాడు. మొదటి చూపుకు ఎక్కడలేని బలముంటుందని, అది మనిషి మీద పడితే ఆ మనిషి తట్టుకోలేడని నమ్మకం. అందుకే మొదట అద్దం చూపిస్తారు, తర్వాత ఆవునూ దూడనూ. ఆ తర్వాతే మనుషులు ముందుకు రావాలి.

"మిగతాదంతా చేత్తో చేసినా పాపా. కండ్లు మాత్రం చేత్తో అయ్యేది కాదు" అన్నాడు నాయన, నేను సెలవుకు వెళ్లినప్పుడు. ఒక కంట్లో పాలు పోసినట్టు తెల్లగా ఉంది, రెండోది ఆ దారిలోనే ఉంది. ప్రతిష్ఠకు ముహూర్తం పెట్టేశారు. ఆ కళ్లు ఇంకెవరి చేతైనా తెరిపిస్తే, ఆయన మళ్లీ ఉలి పట్టడని నాకు తెలుసు, అమ్మకూ తెలుసు.

"ఆపరేషన్ చేయిద్దాం నాయనా. మా వార్డులోనే. చాలా చిన్నది" అన్నాను.

"వద్దు."

"ఎందుకొద్దు?"

ఆయన లేచి షెడ్డులోకి పోయాడు. జవాబు అమ్మ చెప్పింది. సీరియల్లో ఒక పెద్దాయనకు కంటి ఆపరేషన్ అవుతుంటే, ఆస్తి కోసం ఎవరో నర్సును కొనేసి మందు మార్పించారట. ఆయనకు ఉన్న చూపు కూడా పోయిందట. "మీ ఆసుపత్రిలో ఇంజక్షన్లు మార్చేటోళ్లు లేరు గదా?" అని అమ్మ నన్ను సూటిగా, తమాషాకు కాదు, అడిగింది. ఆమె అడుగుతున్నది నర్సును. ఆ నర్సు తన కడుపున పుట్టిన బిడ్డ!

"మనకేముంది నాయనా ఆస్తి, ఆ రాళ్లు తప్ప? వాటి కోసం ఎవడు మార్పిస్తాడు?" అని అరిచాను. కిటికీ అవతల నాయన కూర్చుని తన వేళ్లు చూసుకుంటున్నాడు. సీరియల్ చూసే మనిషికన్నా వినే మనిషికే భయమెక్కువని ఆ రోజు అర్థమైంది. చూసేవాళ్లకు కనీసం అది సెట్టింగని కనపడుతుంది.

చెవినిల్లు కట్టుకుని పోరినా లాభం లేకపోయింది. చివరికి, ఊరికే చూసి వెళ్దువు రమ్మని ఇద్దరినీ నంద్యాల తీసుకొచ్చి ఓపీ బెంచీ మీద కూర్చోబెట్టాను. నేను నా పనిలో పడ్డాను. నాయనను ఒప్పించింది నేను కాదు, అదే బెంచీ మీద కూర్చున్న ఒక సాయిబు. ఊళ్లో దర్జీ. ఒక కన్ను ముందే చేయించుకుని, రెండో కంటికి వచ్చాడు. నాయన ఎందుకొచ్చాడో అడిగి తెలుసుకుని ఆయనే మొదలుపెట్టాడు.

"ఏందన్నా భయం? మత్తు గూడా ఇయ్యరు. మనం మెలకువగానే ఉంటాం, వాళ్లు మాట్లాడతాంటారు, మనం వింటాంటాం. నేనైతే లోపల డాక్టరమ్మకు జాకెట్టు కొలతలు ఎట్ల తీస్తారో చెప్పినా. అయిపాయె!"

"మందు మారిస్తే?" అని నాయన నెమ్మదిగా అడిగాడు.

దర్జీ పెద్దగా నవ్వాడు. "వీళ్లకు టీ తాగేకే టైము ల్యా, మందు మార్చేకి యాడిది? ఇగో, సూదిలో దారం ఇప్పుడు నేనే ఎక్కిస్తాండా. ముందు మనవరాలి కాళ్లు పట్టుకునేది."

నేను ఏళ్ల తరబడి వాదించి చెప్పలేనిది ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు. కుట్రలు చేయాలన్నా తీరిక కావాలి కదా. నాయన ఆ సూది మాట పట్టుకున్నాడు. ఇంటికి వెళ్లే బస్సెక్కేముందు, "సరే, పేరు రాయించు" అన్నాడు.

ఆపరేషన్ రోజు అమ్మ థియేటర్ తలుపుకు ఎదురుగా నేల మీద కూర్చుంది. తలుపు మీద ఎర్ర బల్బు లేదేమని అడిగింది. లేదన్నాను. మరి అయిపోయిందని ఎట్ల తెలుస్తాదని అడిగింది. మనిషి నడుచుకుంటూ బయటికొస్తే అయిపోయినట్టని చెప్పాను. ఇంతలో ఎవరో లోపలికి వెళ్తూ తలుపు తీశారు. ఆ సందులోంచి బల్ల మీద నాయన కనిపించాడు. ముఖమంతా ఆకుపచ్చ గుడ్డ కప్పి ఉంది. కంటి ఆపరేషన్‌కు అలాగే కప్పుతారు, కన్ను ఒక్కటే బయటికి కనపడుతుంది. అమ్మకు ఆ కన్ను కనపడలేదు, గుడ్డే కనపడింది. సీరియళ్లలో ముఖం మీద గుడ్డ ఎప్పుడు కప్పుతారో ఆమెకు తెలుసు. "ఓ దేవుడా!" అని ఒక్క కేక పెట్టి నేల మీద పడిపోయింది.

ఆమెను లేపి, నీళ్లు తాగించి, అరిచి, బుజ్జగించి, మళ్లీ అరిచేసరికి తలుపు తెరుచుకుంది. కంటికి తెల్లటి పట్టీతో, ఆయాను పట్టుకుని, నాయన నడుచుకుంటూ వచ్చాడు. "ఏమైందీమెకు?" అన్నాడు.

వార్డులో మంచం మీద కూర్చోబెట్టాక ఆయన మెల్లగా ఒక మాట చెప్పాడు. గుడ్డ కప్పగానే తనకు షెడ్డులో అమ్మవారు గుర్తొచ్చిందట. "ఆయమ్మ కూడా ఇట్లనే ఉంటాది గదా, గుడ్డ కింద, కండ్ల కోసరం" అన్నాడు. అమ్మ వింటోంది. నేను సరిగా వినలేదు. ఆ రోజు ఆపరేషనైన వాళ్లందరికీ చెప్పాల్సిన పాఠం నేనే చెప్పాలి. తలకు నీళ్లు పోసుకోవద్దు, దుమ్ములోకి పోవద్దు, కన్ను నలపొద్దు, కంట్లో ఒక్క చుక్క నీళ్లు పడకూడదు. నా నాయనకూ అందరితో పాటే, అదే గొంతుతో చెప్పాను. ఆయన బడిపిల్లాడిలా తలూపాడు.

మర్నాడు పొద్దున పట్టీలు విప్పాలి. ఈ పట్టీ విప్పే సీను సీరియల్ వాళ్లకు ప్రాణం. తెల్లటి గుడ్డ చుట్లు చుట్లుగా విప్పుతారు, వీణలు మోగుతాయి, హీరో కళ్లు తెరిచి మొదట తనవాళ్లను చూస్తాడు, అందరూ ఏడుస్తారు. మా దగ్గర వీణలు లేవు. వరుసగా బెంచీ మీద కూర్చోబెడతాం. డాక్టరు వచ్చి ప్లాస్టరు లాగుతుంది, దూదితో తుడుస్తుంది, టార్చి వేస్తుంది, ఎన్ని వేళ్లని అడుగుతుంది, పక్క మనిషి దగ్గరికి జరుగుతుంది. వెనక ఇంకో వరుస సిద్ధంగా ఉంటుంది. ఆ డాక్టరు చిన్నపిల్ల, నాకన్నా చాలా చిన్నది. రాత్రి డ్యూటీ చేసి అలాగే వచ్చింది.

నాయన వంతు వచ్చింది. పట్టీ తీసి తుడిచింది. "కళ్లు తెరవండి పెద్దాయనా."

నాయన తెరవలేదు.

"నొప్పిగా ఉందా?" లేదని తలూపాడు. "మరి తెరవండి." ఆయన రెప్పలు ఇంకా గట్టిగా బిగించాడు. డాక్టరు నా వైపు చూసింది. కన్ను తెరవలేని మనిషికి లోపల ఏమేం జరిగి ఉండొచ్చో నాకు తెలుసు. తెలియని వాళ్లే అదృష్టవంతులు. షెడ్డులో గుడ్డ కప్పుకుని నిలబడ్డ ఆ విగ్రహమే నా కళ్ల ముందు ఆడింది.

అప్పుడు నాయన నోరు తెరిచాడు. "నువ్వు పక్కకు జరుగు తల్లీ. నా ఎదురుగా నిలబడొద్దు."

ఇంతలో నా వెనకనుంచి అమ్మ వచ్చింది. కొంగులోంచి కుంకుమభరిణె అద్దం తీసింది. మొగుడూ పెళ్లాం ముందే మాట్లాడుకున్నారన్నమాట! నిన్న గుడ్డ కింద ఆయనకు తోచిన ఆలోచన ఇక్కడికొచ్చి ఆగింది. తన కళ్లు కూడా కొత్తగా తెరుస్తున్నవే, మొదటి చూపు ఆ చిన్నపిల్ల మీద పడితే ఆమెకేమవుతుందోనని ఆయన భయం. బెంచీ బెంచీ అంతా ఒంటికన్నుతో మావైపే చూస్తోంది. సిగ్గుతో నా తల తిరిగిపోయింది. ఆవూ దూడా వరండాలో లేవు కదా అని ఒకసారి అటు తిరిగి చూశాను కూడా.

"నాయనా, ఇది ఆసుపత్రి!" అన్నాను పళ్లు నూరుతూ.

డాక్టరు నన్ను చేత్తో ఆపింది. ఎందుకని అడిగింది. అమ్మ నాలుగు ముక్కల్లో చెప్పింది. ఆ పిల్ల నవ్వుతుందనుకున్నాను, లేదా విసుక్కుంటుందనుకున్నాను. విసుక్కున్నా నేను తప్పు పట్టేదాన్ని కాదు. బయట ఓపీలో జనం తలుపు తోస్తున్నారు. ఆమె ఆ జనం వైపు ఒకసారి చూసి, "ఏ పక్కకు నిలబడాలి?" అని అడిగింది.

"కుడిపక్కకు" అన్నాడు నాయన.

ఆమె కుడిపక్కకు జరిగి, చేతులు కట్టుకుని నిలబడింది. ఆ కాసేపు మా వార్డులో ఎంత ఖరీదైనదో ఏ సీరియల్ తీసేవాళ్లకు తెలుసు? డాక్టర్ల పరుగులు చూపిస్తారు, కన్నీళ్లు చూపిస్తారు. నిద్రలేని మనిషి ఒక ముసలివాడి నమ్మకం కోసం పక్కకు జరగడం నేను ఏ టీవీలోనూ చూడలేదు. నాకు ఆ పిల్లను దగ్గరికి తీసుకోవాలనిపించింది.

నాయన కన్ను తెరిచి అద్దంలోకి చూశాడు. "ఎవుడీ ముసలోడు?" అన్నాడు. బెంచీ అంతా నవ్వింది. అప్పుడు డాక్టరు వైపు తిరిగి, "ఇప్పుడు రామ్మా" అన్నాడు.

ఆమె ఎదురుగా వచ్చి టార్చి వేసింది, వేళ్లు చూపించింది. "ఎన్ని?"

"మూడు. గోర్లు ఎందుకు కొరుకుతాండావ్?" ఆమె గబుక్కున చేయి వెనక్కి తీసుకుంది. ఆయన వదల్లేదు. ఏళ్ల తరబడి కళ్లు చెక్కిన మనిషి, ఆమె కళ్లనే పరీక్షగా చూశాడు. "కింద రెప్ప ఉబ్బింది. రాత్రంతా నిద్ర ల్యా నీకు. పోయి పండుకో తల్లీ."

డాక్టరు నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుని, పక్కనున్న దర్జీ సాయిబు రెండో కంటి పట్టీ లాగింది.

అంతా బాగానే జరిగింది. నాకే ఒక చిన్న ముల్లు మిగిలిపోయింది. నాయన అద్దం చూశాడు, డాక్టరును చూశాడు, అమ్మను చూసి చీర కొత్తదా అని అడిగాడు, గోడ మీద బల్లిని కూడా చూశాడు. ట్రే పట్టుకుని పక్కనే నిలబడ్డ నన్ను మాత్రం చూడలేదు. ఆళ్లగడ్డ బస్సులో నల్లద్దాలు పెట్టుకుని దారి పొడుగునా చేలనూ చెట్లనూ చూస్తూ కూర్చున్నాడు. నేనేదో అడిగితే కిటికీ వైపు తిరిగే జవాబిచ్చాడు. సీరియళ్లను అంతలేసి మాటలన్న నాకు, అందులో కూతురికి దక్కే ఆ ఒక్క చూపూ కావాలనిపించింది. ఎవరితో చెప్పుకుంటే నవ్వుతారు. నర్సును కాబట్టి ఆపరేషన్ చాకిరీ నాది, మరి కూతుర్ని కాబట్టి ఆ చూపు నాది కాదా అని లోపల ఉడుక్కున్నాను.

తర్వాత నేను వెళ్లిన ప్రతిసారీ అంతే. చుక్కల మందు నేనే వేస్తుంటే కూడా ఆయన చూపు దూలం మీదే ఉండేది. ఒక సాయంత్రం సీరియల్లో ఎవరికో పట్టీ విప్పుతున్నారు. డాక్టరు ఎదురుగా వంగి నిలబడ్డాడు. "ఎట్ల నిలబడినాడో చూడు, బుద్ధి ల్యా" అని అమ్మ టీవీని తిట్టింది. ఆమె సీరియల్‌ను తిట్టడం అదే మొదలు. నేను నవ్వాను. కిటికీ అవతల నాయన కూడా నవ్వాడు, నా వైపు చూడకుండానే.

నెల దాటింది. దుమ్ములోకి వెళ్లొచ్చని డాక్టరు చెప్పింది. ముహూర్తానికి ముందు, విగ్రహం కళ్లు తెరిచే రోజున నేను డ్యూటీ దిగి అదే తెల్లచీరతో బస్సెక్కాను. షెడ్డుకు అడ్డంగా దుప్పటి కట్టారు. మేమంతా బయట నిలబడ్డాం. లోపల ఉలి చప్పుడు చాలా సన్నగా వినపడింది, ఆగింది, మళ్లీ వినపడింది. నేను ఆ చప్పుడే వింటున్నాను. తర్వాత అద్దం తీసుకెళ్లారు. ఆవునూ దూడనూ ముందు నిలబెట్టారు. దుప్పటి తీశారు. అమ్మవారు మమ్మల్ని చూస్తోంది. రెండు కళ్లలో ఒక్క గీత కూడా వంకర పోలేదు. మిడుతూరు నుంచి వచ్చినవాళ్లు చేతులు జోడించారు. అమ్మ ఏడ్చింది. నాయన చేతిలో ఉలి కింద పెట్టి, దుమ్ము దులుపుకుని, జనంలో నా కోసం వెతికాడు.

"ఈడికి రా పాపా."

వెళ్లాను. ఉండబట్టలేక అడిగేశాను. "ఇన్నాళ్లూ నా ముఖం చూడలేదేం నాయనా? నేనేం చేశాను?"

"నువ్వే చెప్తివి గదా, కంట్లో ఒక్క చుక్క నీళ్లు పడగూడదని" అన్నాడు నాయన. "నిన్ను చూస్తే పడతాయని చూడలే."

అని, కళ్లద్దాలు తీసి, నా ముఖం రెండు చేతుల మధ్య పట్టుకుని, తీరిగ్గా చూశాడు.